వీడియో ఆటలలోని చిక్కుప్రశ్నలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగపాఠము)



సముద్రమధ్యమున నొక చిన్న దీవి కలదు. అందు మనుష్యసంచారము లేదు. ఒడ్డున నొక ఓడ మునిగి యున్నది. గుట్టమీద పెద్ద పండ్లచక్రములు, ఒకచోట నొక రాకెట్టు, నీటి నడుమ నొక గడియారపు గోపురము కనిపించును. వీనితోపాటు నొక గ్రంథాలయము కలదు. దాని తలుపులు తెరచియే యుండును. గ్రంథపాలకుడు గాని, పాఠకుడు గాని, చందా యడుగువాడు గాని లేడు. అలమరలోని పుస్తకములలో నధికభాగము కాలిపోయినవి. కొన్ని మాత్రము చదువుటకు వీలుగా మిగిలినవి. దీవిపై నడుగుపెట్టినవానికి ఏమి చేయవలెనో చెప్పువారెవరును లేరు. వెంబడించు శత్రువులు లేరు, గడువు లేదు. ఉన్నదెల్ల కదలని యంత్రములు, తెరచుకొనని తలుపులు, కాలగా మిగిలిన ఆ కొద్ది పుస్తకములు.

ఇది 'మిస్ట్' అను వీడియో ఆటలోని దృశ్యము. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున స్పోకేన్ పరిసరములలో రాండ్ మిల్లర్, రాబిన్ మిల్లర్ అను అన్నదమ్ములు దీనిని నిర్మించి 1993లో వెలువరించిరి. అరువది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. 2002లో 'ది సిమ్స్' అను ఆట మించువరకు కంప్యూటరు ఆటలలో అమ్మకమున దీనిదే అగ్రస్థానము. పరుగులెత్తుట, తుపాకి కాల్చుట లేని యొక యాట ఇంతమందిని కుర్చీలలో కూర్చుండబెట్టుట విచిత్రమే. పెట్టెలో ఆటతోబాటు ఒక ఖాళీ నోటుపుస్తకమును కూడ ఉంచి అమ్మిరి. అది ఎందులకో ఆట మొదలుపెట్టిన గంటలోపల తెలియును.

గ్రంథాలయ సభలో వీడియో ఆటల ప్రసంగమేమని పెద్దలు కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. పఠనమందిరపు బల్లకడ కూర్చున్న బాలుని చేతిలో పత్రిక కంటె సెల్‌ఫోను తరచుగా కనబడు కాలమిది. వారి ఆవేదన అకారణము కాదు. అయినను ఆ యాటలన్నియు నొక్కటి కావు. వ్రేలి వేగమును మాత్రమే పరీక్షించునవి కొన్ని. బుద్ధిని నిలువబెట్టి ప్రశ్న వేయునవి కొన్ని. ఈ ప్రసంగము రెండవ తెగను గూర్చినది. వెన్నెలలో మంచముపై పండుకొని పొడుపుకథ విప్పుమని మనుమని కవ్వించిన అమ్మమ్మకును, చందమామలో బేతాళుని ప్రశ్నకడ పుస్తకము మూసి ఆలోచించిన పిల్లవానికిని ఈ తెగ దగ్గర చుట్టమే. భేదమొక్కటి కలదు. అమ్మమ్మ పిల్లవాని మొగము చూచును. మరీ దిగాలుపడినచో చిన్న సూచన యొకటి విడుచును. యంత్రము మొగము చూడదు. చిక్కు విడనిచో పిల్లవాడు దాని యెదుట ఒంటరిగా మిగిలిపోవును.

అప్పుడు సాధారణముగా రెండు పనులలో నొకటి జరుగుచుండును. తనకు తెలివి చాలదని తలచి ఆటను మూసివేయును. లేదా వెంటనే ఫోనులో జవాబు వెదకి, అది జవాబెట్లయినదో తెలియకయే మీట నొక్కి ముందుకు పోవును. మొదటిదానివలన ధైర్యము పోవును, రెండవదానివలన ఆట పోవును. ఆ ధైర్యనష్టము ఆటతోనే ఆగునని నమ్ముటకు వీలులేదు. లెక్కల పుస్తకము తెరచినపుడు కూడ అదే బాలుడు అదే మాట తలచును. నిజమునకు చిక్కుపడుటలో పలు రకములు కలవు. అన్నియు తెలివితక్కువకు గుర్తులు కావు. కొన్నింటిలో ఆడువాని తప్పు ఇసుమంతయు లేదు. తాను పడినది ఏ రకపు చిక్కో గుర్తించినచో సగము పని యైనట్లే.

మిస్ట్ దీవిలోని రాకెట్టునే చూడుడు. దాని తలుపు తెరచుకొనుటకు విద్యుత్తు కావలెను. భూగర్భమున నొక జనరేటరు గది, గోడపై పది మీటలు కలవు. ఒక్కొక్క మీట నొక్కినకొలది కొన్ని వోల్టులు చేరును. ఎన్ని వోల్టులు కావలెనో ఆ గదిలో ఎక్కడను వ్రాసి యుండదు. హద్దు మించెనా, పైన స్తంభముమీది బ్రేకరు పడిపోవును. మెట్లెక్కిపోయి స్తంభముపై దానిని మరల సరిచేసి రావలెను. ట్రాన్సుఫార్మరు కడకు చీకటిలో నడచిన పల్లెవాసులకు ఈ శ్రమ క్రొత్తది కాదు. ఆ మీటలయెదుట కూర్చుండి ఎంత తల బద్దలుకొట్టుకొన్నను లాభము లేదు, ఏలయన కావలసిన యంకె అచ్చట లేదు. అది గ్రంథాలయముకడ నున్నది. గ్రంథాలయపు గోడమీద దీవి పటమొకటి కలదు. దానిపై నున్న గుర్తును రాకెట్టువైపు త్రిప్పి, పుస్తకముల అలమర వెనుకనుండి పోవు రహస్యమార్గమున గోపురమెక్కినచో, 59 వోల్టులని చెక్కిన ఫలకము కంటబడును.

ఇది మొదటి రకపు చిక్కు. ఇందు కొరతపడినది బుద్ధి కాదు, చూపు. చూడవలసినదానిని ఇంకను చూడలేదు, అంతే. ఇట్టి చోట బుద్ధికి పదును పెట్టుట వృథా. కాళ్లకు పని చెప్పవలెను. తెరవని తలుపేది, ఎక్కని మెట్టేది, చదువక దాటిన పుటయేది అని వెనుకకు పోయి చూచుకొనవలెను. చాలమంది ఆటగాండ్రు ఒక్క తలుపుకడనే గంటలకొలది నిలిచి దానినే బాదుచుందురు. ఆ తలుపు తాళపుచెవి వేరొక యింట నుండునను తలంపు వారికి రాదు.

రాకెట్టు తలుపు తెరచుకొన్న పిదప లోపల నొక వాద్యము, దాని కెదురుగా ఐదు మీటల యంత్రము కనబడును. గ్రంథాలయమున మిగిలిన పుస్తకములలో నొకదానియందు ఆ వాద్యపు మెట్ల చిత్రము, ఏ మెట్టు తరువాత ఏ మెట్టు నొక్కవలెనో తెలుపు గుర్తులు కలవు. ఆ ఐదు స్వరములను విని, అవే స్వరములు పలుకునట్లు ఐదు మీటలను నిలుపవలెను. నోటుపుస్తకము లేనివాడు ఇచ్చట గ్రంథాలయమునకును రాకెట్టునకును నడుమ ఎన్నిమారులు తిరుగునో ఊహింపవచ్చును. స్వరజ్ఞానము లేనివానికి నోటుపుస్తకమున్నను కష్టమే. భజనమందిరమున హార్మోనియము వాయించు మిత్రుడు ప్రక్కనున్నచో క్షణములో తేలిపోవు పని, లేనిచో యొక పూట పట్టును. ఇట్టి చోట మిత్రుని పిలుచుట ఓటమి కాదు. చెవి యొకనిది, కన్ను వేరొకనిది యైనను ఆట యొక్కటియే కదా!

చూచినదానిని వ్రాసికొను నీ యలవాటు మిస్ట్‌తో పుట్టినది కాదు. అంతకు పూర్వమే 1976 ప్రాంతమున మసాచుసెట్స్ రాష్ట్రమున విల్ క్రౌథర్ అను ప్రోగ్రాము రచయిత ఒక గుహయాత్రను కంప్యూటరులోనికి ఎక్కించెను. అతడు వృత్తిచే కంప్యూటరువాడు, వ్యసనముచే గుహలు దూరువాడు. కెంటకీ రాష్ట్రములోని మామత్ గుహల ప్రాంతమున కార్బైడు దీపము వెలుతురులో ప్రాకి, కొలతలు తీసి, పటములు వ్రాసినవాడు. అతని భార్య పెట్రీషియా కూడ గుహాన్వేషణలో సమర్థురాలు. 1972లో ఫ్లింట్ రిడ్జ్ గుహలకును మామత్ గుహకును లోపల దారి కలదని కనుగొన్న బృందములో ఆమె యొకతె. తరువాత ఆ దంపతులు విడిపోయిరి. ఇంట తండ్రి లేని తన యిద్దరు కూతుండ్ర వినోదము కొరకై క్రౌథర్ ఈ యాటను వ్రాసెను. అందు బొమ్మ యొక్కటియు లేదు. తెరపై మాటలు వచ్చును; ఆడువాడు రెండేసి మాటలలో ఆజ్ఞ లిచ్చును. 1977లో స్టాన్‌ఫర్డ్‌లోని డాన్ వుడ్స్ అను విద్యార్థి క్రౌథర్ అనుమతితో దానిని పెంచి, సంపూర్ణ విజయమునకు 350 మార్కులు నిర్ణయించెను.

ఆ గుహలో నొక చోట గదులన్నియు నొకే మాటలలో వర్ణింపబడును. మెలికలు తిరిగిన చిన్నదారులు, అన్నియు నొక్క తీరే. ఉత్తరమునకు పోయి దక్షిణమునకు మరలినచో బయలుదేరిన గదికే వత్తురను నమ్మకము కూడ లేదు. పద్మవ్యూహమున ప్రవేశము తెలిసి నిర్గమము తెలియని అభిమన్యుని స్థితి కంటె నిది దుర్భరము. అతనికి తానెక్కడ నున్నాడో యైనను తెలియును. ఇచ్చట జ్ఞాపకశక్తి కొరగాదు, ఊహ కొరగాదు. ఉపాయ మొక్కటి కలదు. సంచిలోని వస్తువులను గది కొకటి చొప్పున విడుచుచు పోవలెను. ఒక గదిలో తాళపుచెవులు, ఒక గదిలో సీసా, ఇంకొక గదిలో ఆహారపు మూట. ఇప్పుడు గదులన్నియు నొక్క తీరున లేవు! పిమ్మట కాగితముపై గళ్లు గీచి, తాళపుచెవుల గదినుండి ఉత్తరమునకు పోయిన సీసా గది, తూర్పునకు పోయిన ఆహారపు గది అని నింపుచు రాగా, గంటలోనో రెండు గంటలలోనో చిక్కుదారి యంతయు కాగితముమీద వచ్చి కూర్చుండును. గుహలలో కొలతలు తీసిన క్రౌథర్ ఆటగానిచేత కూడ కొలతలే తీయించెను. ఈ రకపు చిక్కునకు ఓర్పు తప్ప వేరొక తెలివి అక్కరలేదు. అయినను ఇందు ఓడినవారు తక్కువమంది కారు, ఏలయన వారందరును తెలివితో గెలువజూచిరి.

అదే గుహలో నొక చిన్నపిట్ట కలదు. దానిని పంజరములో పట్టవలెను. పట్టబోయినచో బెదరి తప్పించుకొనును. ఎన్నిమారులు యత్నించినను అంతే. కారణమేమనగా, ఆటగాని చేతిలో నొక నల్లకర్ర యున్నది. పిట్టకు ఆ కర్రను చూచిన భయము. కర్రను క్రిందపెట్టి వచ్చినచో పిట్ట సులభముగా పంజరమున చిక్కును. వినుటకు సులభమే. కాని ఆ కర్ర అమూల్యమైనది. ముందు రాబోవు నొక అగాధముకడ దానిని ఊపినచో స్ఫటికపు వంతెన ఏర్పడును. గుహలో దొరకిన ప్రతి వస్తువును పోగుచేసికొనుట మేలని ఆటగాడు అంతవరకు నేర్చినాడు. ఆ నేర్చిన పాఠమే ఇక్కడ అడ్డుపడినది. ఇక పిట్టను పట్టినవానికి దాని ఫలము ముందు దొరకును: దారి కడ్డముగా పండుకొన్న పెద్దపామును ఆ పిట్టయే తరిమివేయును.

మనస్సు ఒక దారికి అలవడినపిమ్మట వేరు దారి కండ్లయెదుట నున్నను కనబడకుండుటను గూర్చి ఏబ్రహం లూచిన్స్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1942లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధము. మూడు కడవలు కలవు: ఒకదానిలో 21 కొలతలు, రెండవదానిలో 127, మూడవదానిలో 3 కొలతలు పట్టును. సరిగా 100 కొలతల నీరు కావలెను. పెద్దకడవ నింపి, అందుండి 21 కొలతల కడవ నొకమారును, 3 కొలతల కడవను రెండుమారులును నింపి తీసివేసినచో నూరు మిగులును. ఇదే రీతిని తేలు లెక్కలు కొన్ని వరుసగా ఇచ్చి, పిదప 23, 49, 3 కొలతల కడవలతో 20 కొలతలు తెమ్మనిరి. అలవాటుపడినవారిలో చాలమంది వెనుకటి వలెనే 49 నుండి 23ను, రెండు మూడులను తీసిరి. జవాబు సరియే. కాని 23 నుండి 3 తీసినచో ఒక్క అడుగులో తేలును గదా! వెనుకటి లెక్కలు చేయనివారు దానిని వెంటనే చూచిరి. శ్రద్ధగా నేర్చినవాడే ఇచ్చట వెనుకబడుట గమనింపదగినది. కావున పిట్టకడ చిక్కుపడిన బాలుని మందబుద్ధి యనుట అన్యాయము; అతడు మంచి శిష్యుడై యుండుటవలననే చిక్కుపడినాడు.

ఇట్టి చిక్కు కూర్చున్నచోటనే కూర్చుండి పోరాడినకొలది బిగియును. లేచిపోవుట మేలు. ఫ్రెంచి గణితవేత్త ఆన్రీ పాయింకరే తన యనుభవమును 1908లో ఒక ఉపన్యాసమున వివరించెను. ఫుక్సీయ ప్రమేయములను గూర్చి ఆయన చాల దినములు శ్రమపడి, తరువాత గణితమును మరచి ఒక యాత్రకు బయలుదేరెను. కూటాన్స్ అను ఊర బండి యెక్కుచు మెట్టుపై కాలుపెట్టినంతనే, ఆ ప్రమేయముల కొరకు తాను వాడిన పరివర్తనములును యూక్లిడేతర జ్యామితిలోనివియు నొక్కటియే యను భావము తటాలున స్ఫురించెను. మాట నిలిపి సరిచూచుకొనుటకు కూడ వ్యవధి లేదు. అయినను ఆయనకు సందేహము కలుగలేదు. ఈ కథను చెప్పి ఆటగాండ్రను నిద్రపొమ్మనువారు కలరు. వారు కథలో సగమే చదివిరి. బండి మెట్టుకు ముందు చాల దినముల కాయకష్టమున్నది. బండి దిగి యింటికి వచ్చిన పిదప దానిని నిరూపించు శ్రమయు నున్నది. చిక్కును చక్కగా పట్టి, అన్ని వైపుల త్రిప్పి చూచి, అలసి విడిచినవానికి మాత్రమే విరామము పనికివచ్చును.

2016లో జొనాథన్ బ్లో వెలువరించిన 'ది విట్‌నెస్' అను ఆట ఈ విషయమునే నియమముగా చేసికొనినట్లు తోచును. అదియు నొక దీవియే. పలకలపై గీత గీయు చిక్కులు అయిదువందలకు పైగా కలవు. నియమములను తెలుపు మాట యొక్కటియు లేదు. ఒక క్రొత్త గుర్తు కనబడినచో మొదట రెండుమూడు మిక్కిలి సులభమైన పలకలు ఆ గుర్తు అర్థమును నేర్పును, తరువాతివి పరీక్షించును. ఒకచోట అర్థముకాని గుర్తు వచ్చినచో అది అక్కడ విడువడదు. దీవిలో వేరొక మూల దానికి బాలశిక్ష యుండును. పోయి చదివి రావలసినదే. మాటలు లేకుండుటచే దీనియెదుట అమెరికా బాలుడును, గుంటూరు బాలుడును సమానులే.

ఆ సమానత అన్ని ఆటలలో లేదు. 1991లో వెలువడిన 'మంకీ ఐలండ్' రెండవ భాగమున నొక జలపాతపు పంపును కట్టవేయవలెను. మర త్రిప్పుటకు పానా కావలెను. దీవులన్నియు గాలించినను పానా దొరకదు. చేయవలసినదేమనగా, మంత్రముగ్ధమై కొయ్యబారిన కోతిని తెచ్చి, దానినే పానావలె పట్టి మర త్రిప్పుట! అమెరికావారి వాడుకలో నొక తరహా పానాకు 'మంకీ రెంచి' యని పేరు; మంకీ యనగా కోతి. హాస్యము అంతవరకే. పానాకు వేరు పేరు వాడు ఇంగ్లండువారికే ఇది తెలియలేదన్న, పానాను పానా యను తెలుగు బాలునికి తెలియునా? ఇట్టి చోట ఎంతకాలము తపస్సు చేసినను ఫలము లేదు. ఇది తెలివికి పెట్టిన పరీక్ష కాదు, పుట్టిన యూరికి పెట్టిన పరీక్ష. సంకోచింపక జవాబు చూచి, ఒక యింగ్లీషు నానుడి నేర్చితిమని సంతసించి ముందుకు సాగుటయే తగినది.

ఇక కట్టినవాని తప్పువలన కలుగు చిక్కులు కలవు. 1999 నాటి 'గేబ్రియల్ నైట్' మూడవ యాటలో కథానాయకునికి మోటారుసైకిలు అద్దెకు కావలెను. అది అతని మిత్రుని పేర నున్నది. కావున మిత్రుని వేషము వేయవలెను. అందులకు మీసము కావలెను. పిల్లి దూరు కంతకు జిగురుపట్టీ అంటించి, పిల్లిని బెదరించి, దాని వెండ్రుకలు సంపాదించి, తీపి పాకముతో పెదవిపై మీసముగా అతికించుకొనవలెను. విడ్డూరమేమనగా ఆ మిత్రునికి అసలు మీసమే లేదు! కావున మిత్రుని గుర్తింపుపత్రమును దొంగిలించి, అందలి ఛాయాచిత్రమున సిరాతో మీసము గీయవలెను. లేని మీసమునకు పిల్లివెండ్రుకలు! విమర్శకులు దీనిని గూర్చి చేసిన పరిహాసము అంతింత కాదు. ఆట మిగిలిన భాగమంతయు శ్రద్ధతో కట్టబడినదే; ఒక్క మీసము దాని కీర్తిని మ్రింగినది.

న్యాయమైన చిక్కునకును, అన్యాయమైనదానికిని గుర్తు జవాబు తెలిసిన పిదప గాని దొరకదు. జవాబు విని, "అయ్యో, ఇది కంటియెదుటనే యుండెనే" యని నొసలు కొట్టుకొన్నచో చిక్కు న్యాయమైనది. "ఇది ఎవరికి తోచును?" అని కోపము వచ్చినచో దోషము కట్టినవానిది. కొన్నింటిలో రెండును కలసియుండును. డగ్లస్ ఆడమ్స్ నవలను బట్టి ఆయనయు స్టీవ్ మెరెట్స్కీయు కలసి 1984లో వ్రాసిన ఆట అట్టిది. అందు నొక యంత్రము మీట నొక్కినచో చేపపిల్లను విసరును. దానిని పట్టి చెవిలో నుంచుకొన్నచో సకలభాషలు అర్థమగును. చేప ఎగిరి ఎదుటి గోడకంతలో పడిపోవును. కంతకు అంగీ తగిలించినచో జారి తూములో పడును. తూముపై తువాలు కప్పినచో శుభ్రముచేయు మరమనిషి యెత్తుకొనిపోవును. దాని దారి కడ్డముగా సంచి పెట్టినచో వేరొక మరమనిషి గాలిలో వచ్చి పట్టుకొనును. దానిని ఏమార్చుటకు సంచిపై పనికిమాలిన ఉత్తరముల కట్ట నుంచవలెను. ఇంతవరకు అద్భుతము, ప్రతి యోటమియు తరువాతి యడుగును తానే నేర్పుచున్నది. దీనిని గెలిచినవారికి చొక్కాలు కూడ అచ్చువేసిరి. కాని ఆ ఉత్తరముల కట్ట ఆట మొదటనే, ఇంటి ముంగిట, నుండును. అప్పుడు తీసికొననిచో భూమి నశించిపోవును. మరల తెచ్చుటకు వీలులేదు. యంత్రములోని చేపలును అయిపోవును. ఆటగాడు ఓడిపోయినాడని యెవరును చెప్పరు. ఇట్టి మూసిన దారులు కూడదని రాన్ గిల్బర్ట్ 1989లో నొక వ్యాసము వ్రాసి, మరుసటి యేడు తన 'మంకీ ఐలండ్' మొదటి భాగమున దానిని పాటించి చూపెను. కోతి పానా కూడ ఆయన ఆటలోనిదే కావడము వేరు సంగతి.

జవాబు చూడవచ్చునా, చూడరాదా యను వాదము ఈ యాటలంత ప్రాచీనమే. క్రౌథర్, వుడ్స్ గుహలోనే దీనికి మర్యాదయైన పరిష్కారము కలదు. ఒకచోట ఆటగాడు చాలసేపు తడబడుచుండుట గమనించి, సూచన కావలెనా యని కంప్యూటరు అడుగును. కావలెనన్నచో కొన్ని మార్కులు తగ్గునని ముందుగానే చెప్పును. సహాయమునకు వెల కలదు, అవమానము లేదు. తరువాత మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు మిత్రులు కొందరు 'జోర్క్' అను పెద్ద పాతాళయాత్రను కట్టి, ఇన్ఫోకామ్ అను సంస్థగా నేర్పడి దానిని అమ్మిరి. సూచన కోరువారి యుత్తరములు పెరుగగా, మైక్ డార్న్‌బ్రూక్ అనునాతడు 'ఇన్విజిక్లూస్' అను చిన్నపుస్తకములను 1982లో సిద్ధపరచెను. అందు ప్రశ్నలు మామూలు సిరాతోను, జవాబులు కంటికి కనబడని సిరాతోను అచ్చొత్తబడినవి. ప్రత్యేకమైన కలముతో రుద్దినప్పుడే అక్షరములు తేలును. ఒక్కొక్క ప్రశ్న క్రింద పలు పంక్తులు. మొదటి పంక్తి మెల్లగా మోచేతితో తట్టినంతటిది, తుదిపంక్తి పూర్తి జవాబు. ఎంత రుద్దవలెనో చదువరి యిష్టము. ప్రశ్నలను చదివియే రహస్యములు కనిపెట్టువారి కొరకు ఆటలో లేని విషయములపై బూటకపు ప్రశ్నలు కూడ కలిపిరి. అట్టిదాని క్రింద రుద్దినవానికి చీవాట్లు దొరకును.

ఆ పుస్తకములోని మేలేమనగా జవాబును చుక్కచుక్కగా త్రాగనిచ్చుట. నేడు ఫోనులో వెదకినచో కడవ నెత్తిన కుమ్మరించినట్లు మొత్తము ఒక్కమారు వచ్చిపడును. కావలసినది ఒక్క గుటక యైనను. ఈ పనిని ఇంటిలోని పెద్దలు ఇప్పటికిని చక్కగా చేయగలరు, ఆట వారికి బొత్తిగా తెలియకపోయినను. పిల్లవాడు విసిగి వచ్చినప్పుడు, "ఇంతవరకు ఏమేమి చూచితివి నాయనా, ఒకసారి చెప్పుము" అనుట మొదటి పంక్తి. చెప్పుచుండగనే చాలమారులు పిల్లవాడు నడుమ ఆగి, "ఉండు తాతయ్యా!" యని పరుగెత్తును. అట్లు కానిచో, "నీ చేతిలో నున్నదానిని క్రింద పెట్టి చూచితివా?" యనుట రెండవ పంక్తి. అంతకును కానిచో ఇద్దరును కలసి జవాబు చూడవచ్చును. చూచిన పిదప ఇది న్యాయమా, అన్యాయమా యని తీర్పు చెప్పుట మాత్రము మరువరాదు. ఆ తీర్పు చెప్పునప్పుడు పిల్లవాడు ఓడినవాడు కాడు, న్యాయాధిపతి.

జోర్క్ కట్టిన ఆ మిత్రుల కథ యొకటి మిగిలినది. వారు తమ ఆట కట్టకముందు, 1977లో, క్రౌథర్, వుడ్స్ గుహనే ఆడిరి. నిధులన్నియు తెచ్చిరి, చిక్కులన్నియు విప్పిరి. మార్కులు మాత్రము 349 దగ్గర నిలిచిపోయినవి. ఆ చివరి యొక్క మార్కు ఎక్కడ నున్నదో ఎంతకును తెలియలేదు. తుదకు వారిలో బ్రూస్ డేనియల్స్ అనునాతడు ఆటను ఆడుట మాని, యంత్రభాషలో నున్న ప్రోగ్రామునే విప్పి చదివెను. గుహలో నొక పత్రిక దొరకును. అది మరుగుజ్జుల భాషలో నుండుటచే ఎవరికిని చదువ వీలుకాదు, దేనికిని పనికిరాదు. ఎటు నడచినను తరచు తిరిగి అక్కడికే తెచ్చు నొక గది యున్నది. ఆ పత్రికను తీసికొనిపోయి ఆ గదిలో పడవేసి రావలెనట. పత్రికలను దొరకినచోట నుంచక వేరొకచోట వదలిపోవువారిపై ఏ గ్రంథపాలకుడైనను కోపించును. ఆ గుహలో మాత్రము దానికే యొక మార్కు కలదు.